గృహ జీర్ణోద్ధరణము: కొన్ని ధర్మసందేహములు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పిరి. కట్టిన ఇంటిని విప్పి చూడుమని మాత్రము వారు చెప్పలేదు. అట్టి అవసరము వచ్చునని వారు తలచి యుండరు. ఇటీవలి కాలమున ఆ పనియే అనేక గ్రామములలో జరుగుచున్నది. పట్టణములలో ఉద్యోగములు చేసి విశ్రాంతి పొందినవారును, విదేశములనుండి పిల్లలు పంపిన ధనముతో స్వగ్రామమున ఇల్లు సరిచేసికొనగోరువారును తాతలనాటి ఇంటికి తిరిగి వచ్చి, తండ్రులనాటి మార్పులను తొలగింపజేయుచున్నారు. గోడలకు పూసిన సిమెంటును చెక్కించి సున్నము పూయించుచున్నారు. టేకు స్తంభములమీది రంగును గీకించుచున్నారు. మండువాపై కప్పిన రేకులను దింపించుచున్నారు. మొజాయికు బండలను పెకలించి, వాని క్రింద దాగిన గచ్చును వెదకుచున్నారు.

దీనిని చూచి సంతోషించువారు కలరు. డబ్బు ఎక్కువైనవారి వేడుక యని నవ్వువారును కలరు. నవ్వువారి మాట అటుండనిండు. సంతోషించువారైనను ఆలోచింపవలసిన విషయ మొకటి ఇందున్నది. తాతను గౌరవించుటకై తండ్రి చేసిన పనిని చెరిపివేయవచ్చునా? ఇంటిలో ఒకదానిపై నొకటిగా చేరిన పొరలలో దేనిని తీయుటకు ఇప్పటివారికి అధికారము కలదు? దేనిని ముట్టరాదు? ఇది తాపీమేస్త్రీ తేల్చదగిన ప్రశ్న కాదు. మేస్త్రీ ఏది ఎట్లు తీయవలెనో చెప్పగలడు. తీయవలెనా వద్దా యనునది ఆ ఇంటివారి ధర్మమునకు సంబంధించినది.

తెలుగున ‘మరమ్మతు’ అను మాట ఉర్దూద్వారమున వచ్చినది. చెడిన భాగమును సరిచేయుట దాని అర్థము. ‘జీర్ణోద్ధరణము’ సంస్కృతము. శిథిలమైనదానిని పైకెత్తుట దాని భావము. మయమతము వంటి శిల్పశాస్త్రములలో పాతబడిన కట్టడములను సరిచేయు విధానమునకు వేరుగ స్థానమిచ్చిరి. ఈ రెండు మాటలును చెడినదానిని గూర్చి చెప్పునవే. చెడకున్నను వాడుక తప్పినదను నెపమున ఒకదానిని తీసివేయుటకు ఈ రెంటిలో ఏ మాటయు సరిపోదు. నేడు జరుగుచున్న పనులలో సగము ఈ మూడవ కోవకు చెందినవి. వానికి సరియైన పేరే ఇంకను కుదరలేదు.

మొదట ఆ ఇండ్లకు ఏమి జరిగినదో చూడవలెను. కోస్తా జిల్లాలలో మండువా లోగిలి యనియు, తెలంగాణమున భవంతి యనియు పిలుచు ఇంటి నడుమ ఆకాశమునకు తెరచిన చదరపు ప్రదేశ ముండును. చుట్టును స్తంభములపై నిలిచిన వసారాలు, వాని వెనుక గదులు, వీథివైపు అరుగులు, చివర వంటయిల్లు, పెరడు, బావి. వాన నాలుగు చూరులనుండియు మండువాలో పడి తూముగుండ వెలుపలికి పోవును. వేసవిలో వేడిగాలి పైకెగసిపోవును. రాయలసీమలో రాతిగోడలపై కట్టిన మట్టి మిద్దెలు ఎక్కువ. వాని చల్లదనము వేరు, వాని కష్టము వేరు. ఏటేట వానలకు ముందు మిద్దెపై మట్టి సరిచూచుకొననిచో వానకాలమంతయు గిన్నెలు పెట్టుకొని కూర్చుండవలసినదే.

ఈ ఇండ్లలో పుట్టి పెరిగినవారు 1960 మొదలు 1990 వరకు వీనిని మార్చిరి. వారు తెలివితక్కువవారై మార్చలేదు. రాత్రి వానలో వంటయింటినుండి ముందరి వసారాకు అన్నపుగిన్నె తెచ్చు ఇల్లాలు తడియుచుండెడిది. కావున మండువాను రేకులతో కప్పిరి. గోడ సున్నము బట్టలకు అంటుచుండెడిది. కావున సిమెంటు పూసి దానిపై డిస్టెంపరు వేయించిరి. పెండ్లిచూపులకు వచ్చువారు నల్లబడిన స్తంభములను చూచి ఏమనుకొందురోయని ఆకుపచ్చ ఎనామెలు రంగు వేయించిరి. నాటి దినములలో సిమెంటు పర్మిటుపై దొరకెడిది. 1982లో ప్రభుత్వము ఆ నియంత్రణమును కొంత సడలించి, 1989లో పూర్తిగ తొలగించినది. అంతకుముందు కచేరీల చుట్టు తిరిగి సంపాదించిన కొలది బస్తాలతో నేల చేయించినవానికి అది సామాన్యమైన నేల కాదు. ఇంటికి వచ్చిన ప్రతివానిని ముందుగా ఆ నేలపై నిలువబెట్టి మాటలాడెడివాడు. నేడు కుమారుడు దానిని ‘ఎబ్బెట్టు’ అనుచున్నాడు.

అయినను తండ్రి ప్రేమతో చేసినంత మాత్రమున ప్రతి పనియు నిలుపదగినది కాదు. కొన్ని మార్పులు ఇంటిని లోపలినుండి తినివేయును. వానిలో మొదటిది సిమెంటు పూత. పాతకాలపు ఇటుకగోడకును రాతిగోడకును పునాదివద్ద చెమ్మను ఆపు పొర లేదు. నేలలోని తడి గోడలోనికి ప్రాకి కొంత ఎత్తువరకు వచ్చును. సున్నపుపూత సన్నని రంధ్రములు గలది గనుక ఆ తడి బయటికి వచ్చి గాలిలో ఆరిపోవును. సున్నము చేయు రీతియే విచిత్రమైనది. సున్నపురాతిని బట్టీలో కాల్చినపుడు దానిలోని బొగ్గుపులుసు వాయువు పోవును. నీటిలో విరిచి, ఇసుకతో కలిపి, ఎద్దులు త్రిప్పు గానుగలో నూరి, కరక్కాయ, బెల్లము నానిన నీరు చేర్చి గోడకు పూసిన పిమ్మట, అది గాలినుండి అదే వాయువును మెల్లమెల్లగ తిరిగి తీసికొని మరల రాయియగును. ఈ పనికి నెలలు పట్టును. సిమెంటు గంటలలో గట్టిపడును; ఆ తొందరయే దాని గుణము, ఆ తొందరయే దాని దోషము. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పేటెంటు పొందిన పోర్ట్‌లండు సిమెంటు కొత్త కట్టడములకు మేలు చేసినమాట నిజము. పాత గోడకు దానిని పూసినపుడు మాత్రము లోపలి చెమ్మకు దారి మూసికొనిపోవును. చెమ్మ మరింత పైకెక్కును. దానితో వచ్చిన లవణములు పూత వెనుక గడ్డకట్టి ఇటుకను పొడిచేయును. బయటికి గోడ నున్నగ కనబడుచుండును. పెచ్చు ఊడిన దినమున గాని లోపల ఎర్రని దుమ్ము తప్ప ఏమియు మిగులలేదని తెలియదు.

పెద్ద కట్టడములలోను ఇదే జరిగినది. ఢిల్లీలో హుమాయూను సమాధి పైకప్పుమీద 20వ శతాబ్దిలో మరమ్మతుల పేర చేరిన సిమెంటు కాంక్రీటును ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టువారు తొలగింపగా అది పదిలక్షల కిలోలకు మించి తేలినది. అంత బరువును మోసినది ఆ భవనమే. హైదరాబాదులోని కుతుబ్‌షాహీ సమాధుల వద్ద 2013లో మొదలై 2024లో ముగిసిన పనిలోను వెనుకటి మరమ్మతుల సిమెంటును తీసి సున్నపుపనిని పునరుద్ధరించిరి. ఒకనాడు మరమ్మతు అనిపించుకొన్నదే మరియొకనాటికి రోగమైనది. ఇట్టి పూతను గృహములలో తీయుట తప్పు కాకపోగా అవశ్యకర్తవ్యము. పల్చని కాంక్రీటు కప్పులలోని ఇనుప కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులు నిద్రించువారిపై రాలుచుండగా, ఇది నాన్నగారు వేయించినదని ఊరకుండుట పితృభక్తి కాదు.

తీయవలెనన్నంత మాత్రమున సుత్తి పట్టుకొని మీద పడరాదు. సిమెంటు ఇటుకను గట్టిగ పట్టుకొని యుండును. మొరటుగ లాగినచో ఇటుక ముఖము దానితో ఊడివచ్చును. ఒక మూల రెండడుగుల మేర తీసి చూచి, ఊడునో ఊడదో తెలిసికొని, గోడ ఆరుటకు వ్యవధి యిచ్చి, తరువాత ముందుకు పోవలెను. తొందరగా చేయించిన తప్పును తొందరగా విప్పబూనుట అదే తప్పు రెండవమారు చేయుట యగును.

ఈ సందర్భమున మరియొక సంగతి. ఇంటి యజమానులు తరచుగ దీనిని తలంపరు. పాత ఎనామెలు రంగులలో సీసము ఉండెడిది. రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములు మించరాదను నియమము మన దేశమున 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. అంతకుముందు వేసిన రంగులలో ఎంతయున్నదో ఎవరికెరుక? పొడిగ గీకినపుడు లేచు ధూళి పిల్లలకు మిక్కిలి హాని. పాత సిమెంటు రేకులలో ఆస్బెస్టాసు అను రాతినార కలదు. రేకును పగులగొట్టినపుడు కంటికి కనబడని దాని పోగులు ఊపిరితిత్తులలో చేరి ఎన్నో ఏండ్ల పిమ్మట ప్రాణాంతకమగును. తాత స్తంభమునకు పూర్వవైభవము తెచ్చుటకై కూలివాడు మూతికి తువాలు చుట్టుకొని పది దినములు ఆ ధూళిని పీల్చుచున్నాడు. యజమాని దూరముగ నిలిచి టేకు వన్నె బయటపడుచున్నదని మురియుచున్నాడు. కాయకము పవిత్రమని చెప్పుకొనువారు, ఆ కాయకము చేయువాని శరీరమును గూర్చి మొదట విచారింపవలెను. తడిపి గీకించుట, తగిన ముసుగు నిచ్చుట, రేకులను తడిపి విరుగకుండ మేకులు ఊడదీసి దింపించుట పెద్ద వ్యయము కాదు. ఆ వ్యయమునకును వెనుదీయువాడు స్తంభమును ఆకుపచ్చగనే ఉండనిచ్చుట మేలు.

హాని చేయని మార్పుల విషయమున చిక్కు ఎక్కువ. మొజాయికు నేల ఎవరికిని హాని చేయదు. వసారా కమ్ములకు పెట్టిన రంగుటద్దములు చేయవు. ఎర్రగచ్చుపై పరచిన నాపరాళ్లును చేయవు. వీనిని తీయుటకు కారణ మొక్కటే. అవి పాతగ నున్నవి గాని, చాలినంత పాతగ లేవు. మనుష్యస్వభావమున ఈ వింత ఎల్లకాలమును కలదు. తండ్రి వాడిన వస్తువు మోటుగను, తాత వాడిన వస్తువు ముచ్చటగను కనబడును. నేడు అపురూపముగ వెదకి తెచ్చు ఇత్తడి బిందెలనే వెనుకటి తరమువారు తూకమునకు వేసి స్టీలు గిన్నెలు కొనిరి. రేపటివారు స్టీలు గిన్నెలకై అంగళ్లలో వెదకరని ఎవరు చెప్పగలరు?

ఈ వివాదము తెలుగునాట కొత్తదే గాని లోకమునకు కొత్త కాదు. ఐరోపాలో 19వ శతాబ్దిలో పాత చర్చీలను బాగుచేయు ఉద్యమము బయలుదేరినపుడు, మధ్యయుగముల తరువాత చేరినదంతయు తీసి శుద్ధరూపము తేవలెనని ఒక పక్షమువారు పట్టుబట్టిరి. ఫ్రాన్సున వియొలె ల దూక్ వారిలో ముఖ్యుడు. కట్టడమును పునరుద్ధరించుట యనగా ఏ కాలమునందును ఉండియుండని సంపూర్ణరూపమును దానికి ఇచ్చుట యైనను కావచ్చునని ఆయన మతము. ఇంగ్లండున జాన్ రస్కిన్ 1849లోనే ఇట్టి పునరుద్ధరణము అసత్యమని ఖండించెను. విలియం మారిస్ 1877లో పాత కట్టడముల రక్షణకై ఒక సంఘమును స్థాపించెను. గోడల పూతలు గీకివేయుటను వారు ఎదిరించినందున లోకులు దానికి గీకుడు విరోధుల సంఘమని ముద్దుపేరు పెట్టిరి.

వియొలె ల దూక్ పారిసు నగరపు నోత్రదాం చర్చిపై 1859లో ఒక శిఖరమును నిలిపెను. పూర్వపు శిఖరము శిథిలమై 18వ శతాబ్ది చివరనే తొలగింపబడినది. ఆయన కట్టించినది పూర్వపుదానికి నకలు కాదు. ఆయన కల్పన అందు చాల కలదు. 2019 ఏప్రిలు 15న అగ్నిప్రమాదమున ఆ శిఖరము కూలినది. దేనిని తిరిగి కట్టవలెనను చర్చ వచ్చినపుడు ఫ్రెంచివారు మధ్యయుగపు శిఖరమును కోరలేదు, సరికొత్తదానిని కోరలేదు. 1859 నాటి శిఖరమునే ఉన్నదున్నట్లు నిలిపిరి. 2024 డిసెంబరులో చర్చి మరల తెరువబడినది. ఒకనాటి చేర్పు నూటయరువది సంవత్సరములలో తానే మూలమైనది. 1964లో వెనిసు నగరమున సమావేశమైన నిపుణులు చేసిన తీర్మానమును ఇక్కడ గుర్తుంచుకొనదగినది. కట్టడమునకు ఆయా కాలములు చేర్చిన యోగ్యమైన అంశములనన్నిటిని మన్నింపవలెననియు, ఊహ మొదలైనచోట పునరుద్ధరణము ఆగిపోవలెననియు వారు నిర్ణయించిరి. మనవైపు 2004లో ఇంటాక్ సంస్థ ఆమోదించిన నియమావళి, వాడుకలోనున్న కట్టడములకును, వంశపరంపరగ వచ్చిన పనివారి విద్యకును పెద్దపీట వేసినది.

కావ్యపరిష్కర్తలు ఈ చిక్కును ఏనాడో ఎరుగుదురు. తాళపత్రప్రతులలో లేఖకులు తమకు తోచిన పద్యములను చేర్చుచుండిరి. వానిని ప్రక్షిప్తములందురు. సి. పి. బ్రౌను దొర అనేక ప్రతులను తెప్పించి పండితులచే సరిచూపించినపుడు ఏది మూలము, ఏది చేర్పు అను సందేహము అడుగడుగునకు వచ్చెడిది. మంచి పరిష్కర్త తనకు నచ్చని పద్యమునెల్ల ప్రక్షిప్తమనడు. నిశ్చయముగ తెలిసినదానిని మాత్రమే వేరుచేయును. సందేహమున్నదానిని పాఠాంతరముగ అడుగున చూపును; తరువాతివాడు తనకంటె ఎక్కువ తెలిసినవాడు కావచ్చునను వినయము అతనికి కలదు. ఇంటిని విప్పువారికి అట్టి వినయము ఉండిన బాగుండును. విప్పుటకు ముందు ప్రతి గదికి ఛాయాచిత్రములు తీసి పెట్టుట, తీసిన మొజాయికు బండలలో నాలుగింటిని అటకపై దాచుట, తలుపు చాటున గోడమీద జానెడు మేర పొరలనన్నిటిని వరుసగ కనబడనిచ్చుట, ఇవి గృహమునకు పాఠాంతరములు.

ఇంతవరకు చెప్పినది గోడలను గూర్చి. మనుష్యులను గూర్చి చెప్పవలసినది ఇంతకంటె ముఖ్యము. పాత ఇంటి మూలరూపమున టేకుపని, గచ్చు, గాలి, వెలుతురు మాత్రమే లేవు. ఎవరు ఎంతవరకు రావచ్చునో ఆ ఇంటి గోడలు నిర్ణయించినవి. వీథి అరుగుపై కూర్చుండదగినవారు కొందరు, అరుగు క్రింద నిలువవలసినవారు కొందరు. పెరటి తలుపువద్ద దోసిలిపట్టి నీరు త్రాగవలసినవారు మరికొందరు. వంటయింటికి కిటికీ లేకుండుట చల్లదనముకొరకు కాదు. అక్కడ ఉండునది స్త్రీ గనుక, పొగలో ఆమె కన్నులు మండినను అడుగువారు లేరు గనుక. పట్టణములలోని పాత ఇండ్ల మరుగుదొడ్లకు వెనుక సందువైపు మోకాలి ఎత్తున చిన్న ద్వారము ఉండెడిది. ఆ ద్వారమునుండి మలమును చేతులతో ఎత్తి నెత్తిపై మోయుటకు ఒక కులమువారిని నియమించిరి. 1993లోను, 2013లోను ఈ దురాచారమును నిషేధించుచు చట్టములు చేయవలసి వచ్చినది. ఆ చిన్న ద్వారమును ఇటుకలతో మూయించి నీటి మరుగుదొడ్డి కట్టించిన తండ్రి, ఆ ఇంటి చరిత్రలో అందరికంటె మంచి మరమ్మతు చేసినవాడు. దాని పింగాణీ పలకల రంగు నేటివారికి నచ్చకపోవచ్చును. అంత మాత్రమున దానిని ‘తరువాతి చేర్పు’ అని తీసివేయుదురా?

అట్లే అనేక గృహములలో వంటయింటికిని నడిమి వసారాకును మధ్యనున్న గోడను 1970 ప్రాంతముల పగులగొట్టి ద్వారము పెట్టించిరి. తలుపు చక్క నాసిరకము, గొళ్లెము అమరలేదు, గోడ అంచులు వంకర. శిల్పదృష్టితో చూచిన అది నిశ్చయముగ లోపమే. కాని ఆ ద్వారము వచ్చిన పిమ్మటనే ఇంటి స్త్రీలు నడింటిలో కూర్చుండి మాటలలో పాల్గొనిరి. మూలరూపమను పేర ఆ ద్వారమును పూడ్చువాడు గోడను మాత్రమే పూడ్చుచున్నాడా? పెరటి గేటువద్ద నిలుచుండు పాలేరును లోపలికి పిలిచి బల్లపై కూర్చుండబెట్టుటకై వేయించిన రేకుల పంచ అందముగ లేకపోవచ్చును. రేకులు తీసి పెంకు వేయింపవచ్చును. పంచ పోరాదు, బల్ల పోరాదు.

ఈ విషయమున శరణధర్మము తెలిసినవారికి సందేహము ఉండరాదు. 12వ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులలో డోహర కక్కయ్య, మడివాలు మాచయ్య వంటివారు పెరటిదారిని రాలేదు. బసవేశ్వరుడు స్థావరము నశించుననియు, జంగమమునకు నాశము లేదనియు బోధించెను. దీనిని పట్టుకొని, కట్టడములను గూర్చి ఇంత విచారమేల, కూలునది కూలనిండని అనువారు కలరు. వారు తొందరపడుచున్నారు. స్థావరమనగా రాయి, కర్ర మాత్రమే కాదు. కదలక గడ్డకట్టినదంతయు స్థావరమే. ఇల్లు 1920లో ఎట్లుండెనో అట్లే ఉండవలెనను పట్టుదలయు స్థావరమే. ఇంటిలో తిరుగు మనుష్యులు, వారి అవసరములు, వచ్చిపోవు అతిథులు, అవి జంగమము. ఆ రెంటికి వైరము వచ్చినచోట ఏది వంగవలెనో చెప్పనక్కరలేదు. వైరము లేనిచోట పాత గోడను ప్రేమతో నిలుపుటకు అడ్డేమియు లేదు.

మఠములలో ఈ చిక్కు మరియొక రూపమున కలదు. పాత రాతిమంటపమునకు ఒక భక్తుడు పలకలు వేయించును, ఇంకొకడు స్తంభములకు నూనెరంగు పూయించును, వేరొకడు ముఖద్వారమునకు కాంక్రీటు తోరణము కట్టించును. ప్రతిదానిపైనను దాత పేరు, ఆయన తండ్రి పేరు, తేదీ, ఒక్కొక్కచోట మొత్తము రూపాయలును చెక్కియుండును. పలకలు తీయవలెనన్న ఆ పేరును తీయవలెను. ఆ కుటుంబము ఇంకను మఠమునకు వచ్చుచునే యుండును. దీనికి భయపడి రాతిస్తంభములను రంగుక్రింద ఊపిరాడకుండ ఉంచిన మఠములు లేకపోలేదు. పేరు కోరకుండ ఇచ్చుట దాసోహమని ఉపన్యాసములలో చెప్పి, గోడపై మాత్రము రూపాయలతో సహా చెక్కించుటలోనే ఈ చిక్కు మొదలైనది. పేర్లనన్నిటిని ఒక పుస్తకమున వ్రాయించి, ఆ కుటుంబములవారిని పిలిచి, వారి సమక్షమున పలకలు తీయించుట మర్యాద. చెప్పకుండ తీయించుట ధనమిచ్చినవారిని అవమానించుట యగును. దాసోహపు వంటశాలలో గోడల మసిని సున్నముతో కప్పవచ్చును. పొగపోవు మార్గమును ముందుగ సరిచేయవలెను. వృద్ధులకై మెట్ల ప్రక్కన కట్టిన సిమెంటు వాలుబాట పాత మెట్ల అందమును చెరచుచున్నదని దానిని తీయించుట మాత్రము ఏ శాస్త్రమును ఒప్పదు.

ఇంకొక అన్యాయము మెల్లగ వ్యాపించుచున్నది. తమ ఇంటిలో పాత స్తంభములు మిగులలేదని ఇతరుల ఇండ్లలోనివి కొని తెచ్చుట. కారైకుడిలో చెట్టినాడు ఇండ్లు కూల్చగా వచ్చిన స్తంభములు, చెక్కుడు తలుపులు, రంగు పలకలు అమ్ము అంగళ్లు కలవు. తెలుగు గ్రామములలోను ఇట్టి బేరగాండ్రు తిరుగుచున్నారు. అప్పులలో నున్న ఒక ముసలివాని ఇంటి ద్వారబంధము ఊడివచ్చి మరియొక ధనవంతుని ఇంటికి ‘పూర్వరూపము’ నిచ్చుచున్నది. ఊహ మొదలైనచోట ఆగవలెనను నియమమునకు ఇంతకంటె విరుద్ధమైనది లేదు. స్తంభము లేనిచోట ఊరి వడ్రంగిచే కొత్తది చేయించి, అది కొత్తదని తెలియునట్లే నిలుపుట నిజాయితీ. ఆ వడ్రంగికి పని దొరకును గూడ.

చివరకు నిర్ణయించవలసినవారెవరు? సాధారణముగ ధనము పెట్టువాడే నిర్ణయించుచున్నాడు. అతడు సంవత్సరమునకు పది దినములు వచ్చి పోవువాడు. ఆ ఇంటిలో మూడువందల అరువది దినములు నివసించునది అతని తల్లి. మండువాపై రేకులు దింపిన పిమ్మట కోతులు లోపలికి దిగినపుడు కర్ర పట్టుకొని నిలువవలసినది ఆమె. నేడు అనేక గ్రామములలో కోతుల బాధ ఎట్లున్నదో వేరుగ చెప్పనక్కరలేదు. పైన ఇనుపవల వేయింపక మండువా తెరచుట తెలివి కాదు. సున్నపుగోడకు ఆనుకొన్నపుడు చీరకు అంటు తెలుపును దులుపుకొనునదియు ఆమెయే. ఆమె పెండ్లియై వచ్చినపుడు ఇంటిలో గచ్చు పగుళ్లు వారి యుండెను. చీట్లు కట్టి, పాలమ్మి, పదునాలుగేండ్లు కూడబెట్టిన ధనముతో మొజాయికు వేయించిన ఇల్లాండ్రు ఎందరో కలరు. అట్టి తల్లి బ్రతికియుండగా, ఆ బండల క్రింద తాతగారి ఎర్రగచ్చు నిజముగనే మెరయుచున్నను, ఆమెను అడుగక ఒక్క బండయు కదలింపరాదు. అడిగిన పిమ్మట ఆమె వద్దన్నచో ఆ మాట అక్కడికి సరి. గచ్చు ఇన్నాళ్లు క్రింద ఉన్నది, ఇంకను ఉండగలదు. సిమెంటు పూసిన గోడల పని మాత్రము ఈ వేసవిలోనే మొదలుపెట్టవలెను.